గుండెకి రేడియేషన్ ఇప్పించుకున్నా

ఈ మాట చెప్తే ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "అయ్యో, క్యాన్సరా?" అనే అడిగారు. కాదండీ బాబూ, నాది వీటీ, వెంట్రిక్యులర్ టాకికార్డియా. పాత హార్ట్ ఎటాక్ వల్ల గుండె కండరంలో మచ్చ పడింది, ఆ మచ్చ చుట్టూ కరెంటు గిర్రున తిరగడం మొదలెడితే గుండె పిచ్చి స్పీడుగా కొట్టుకుంటుంది, రక్తం సరిగ్గా పంప్ అవదు, అప్పుడు ఛాతీలో పెట్టిన ఐసీడీ అనే చిన్న బ్యాటరీ మిషను షాక్ కొట్టి దారికి తెస్తుంది. పొలంలో తడిచేత్తో మోటార్ స్టార్టర్ ముట్టుకుని షాక్ తిన్నవాణ్ణే, అది దీని ముందు ఎందుకూ పనికిరాదు. స్నానానికి వెళ్తే గడియ పెట్టనిచ్చేది కాదు మా ఆవిడ, బయటే కూర్చునేది.

గుండె లయ తప్పకుండా ఇచ్చే అమియోడరోన్ మాత్రలు వాడితే థైరాయిడ్ దెబ్బతింది. క్యాథెటర్ అబ్లేషన్, అంటే రక్తనాళంలోంచి సన్నటి తీగ గుండెలోకి పంపి ఆ చోటు వేడితో కాల్చడం, అదీ చేశారు గానీ మచ్చ కండరం లోపల బాగా లోతుగా ఉందట, వేడి అక్కడిదాకా చేరలేదు.

అబ్బాయి ఉండేది సెయింట్ లూయిస్. అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీలోనే కుకులిచ్ అనే గుండె డాక్టరూ రాబిన్సన్ అనే రేడియేషన్ డాక్టరూ కలిసి వీటీకి ఇలా రేడియేషన్ ఇచ్చిన అయిదుగురు పేషెంట్ల ఫలితాలు 2017లో బయటపెట్టారు. ట్రీట్‌మెంట్‌కి ముందు మూడు నెలల్లో అందరికీ కలిపి 6577 సార్లు వీటీ వస్తే, తర్వాత మొదటి 6 వారాలు పక్కనపెట్టి లెక్కేస్తే 4 సార్లే. వాళ్ళలో ఒకరు మూడు వారాలకే స్ట్రోక్‌తో పోయారని కూడా అందులోనే ఉంది, మావాడు ఆ ముక్క చదవకుండా దాటేద్దామని చూశాడు, నేనే చదివించుకున్నా.

ఒంటి నిండా ఎలక్ట్రోడ్లున్న జాకెట్ వేసి వీటీ ఎక్కడ పుడుతోందో మ్యాప్ తీశారు, సీటీ తీశారు. తర్వాత ఒక్కటే డోసు, 25 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత). మత్తు లేదు, కోత లేదు, కదలకుండా పడుకోవడమే. ఇంతేనా అనిపించింది.

కష్టమంతా ఆ తర్వాతే. మొదటి 6 వారాలు లెక్కలోకి రావు అంటారు కదా, ఆ టైంలోనే మళ్ళీ షాక్ కొట్టింది, ఇంక ఇదీ పోయిందనుకున్నా. మెల్లగా తగ్గింది. కొన్ని నెలలకి పొడి దగ్గు, ఆయాసం పట్టుకుంటే ఊపిరితిత్తికి రేడియేషన్ తగిలిందన్నారు, స్టెరాయిడ్స్‌తో సర్దుకుంది.

మచ్చని కాల్చేస్తారనుకున్నా గానీ అంతే కాదట. 2021లో వచ్చిన రీసెర్చ్‌లో, రేడియేషన్ వల్ల గుండె కణాల్లో సోడియం ఛానెళ్ళు, అంటే కరెంటు పుట్టించే సోడియం లోపలికెళ్ళే దారులు, పెరిగి కరెంటు చకచకా సాగుతోందని, దాంతో అది మచ్చ చుట్టూ గిర్రున తిరగడం తగ్గుతుందని తేలింది.

అమియోడరోన్ సగం చేశారు. ఐసీడీ తీసేయొచ్చా అని మా ఆవిడ అడిగితే డాక్టర్ కుదరదన్నాడు, వచ్చే ఏడు దానికి బ్యాటరీ మార్చాలి.