బీపీటీ నుంచి బేస్‌బాల్ దాకా: అథ్లెటిక్ ట్రైనర్‌గా నా అనుభవం

అమెరికా వచ్చాక ఫిజియోథెరపీ చదువుని ఏం చేసుకోవాలో తోచక ఆగిపోయిన మన అమ్మాయిలు నాకు తరచూ మెసేజ్‌లు పెడుతుంటారు. ఒక్కొక్కరికీ ముక్కలుముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే నయం అనిపించింది. నేను గుంటూరులో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి, పెళ్లయ్యాక అరిజోనాలో చాండ్లర్‌కి వచ్చాను. ఇప్పుడు ఒక మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఇక్కడి అత్యున్నత స్థాయి బేస్‌బాల్ లీగ్) జట్టుకి ఇక్కడున్న శిక్షణ కేంద్రంలో అథ్లెటిక్ ట్రైనర్‌ని. జిమ్‌లో బరువులు ఎత్తించే పని కాదిది. ఆటగాడికి దెబ్బ తగలకుండా చూసుకోవడం, తగిలితే మైదానంలోకి అందరికంటే ముందు పరిగెత్తడం, అదేమిటో తేల్చి డాక్టర్‌కి చెప్పడం, మళ్లీ ఆడేదాకా అతని వెంటే ఉండటం. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1990లోనే దీన్ని ఆరోగ్యరంగ వృత్తిగా గుర్తించింది.

బేస్‌బాల్ నాకు ముందు నుంచీ తెలిసిన ఆట కాదు. ఏటా ఫిబ్రవరి, మార్చిలో 15 మేజర్ లీగ్ జట్లు ఫీనిక్స్ చుట్టుపక్కల ఊళ్లకి వచ్చి సీజన్‌కి తయారవుతాయి, మిగతా 15 ఫ్లోరిడా వెళ్తాయి. మా ఆయన ఆఫీసువాళ్లతో కలిసి అలాంటి ఒక మ్యాచ్‌కి వెళ్లినప్పుడు స్కోరు ఎలా లెక్కపెడతారో కూడా నాకు అర్థం కాలేదు కానీ పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరే ఆటగాడి చెయ్యి మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. మన ఫాస్ట్ బౌలర్లకి నడుములో వెన్నుపూస చిట్లడం పెద్ద భయం, ఇక్కడ భయమంతా మోచెయ్యి, భుజం. బంతి వదిలే ముందు చెయ్యి అంత వెనక్కి వెళ్లి అంత వేగంగా ముందుకి తిరుగుతుంటే మోచేతిలో ఎముకల్ని కలిపి పట్టుకునే ఆ లిగమెంట్ ఎలా తట్టుకుంటోందా అని ఇంటికొచ్చి రాత్రంతా చదువుతూ కూర్చున్నాను.

తట్టుకోని సందర్భాలు చాలానే ఉన్నాయి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు ఎడమచేతి పిచ్చర్ టామీ జాన్‌కి తెగిపోయిన మోచేతి లిగమెంట్ స్థానంలో అతని కుడిచేతి నుంచి తీసిన స్నాయువు (టెండన్) వేసి కట్టాడు. అతను 1976లో మళ్లీ ఆడాడు, ఆ ఆపరేషన్‌కి ఆటగాడి పేరే స్థిరపడిపోయింది. బొటనవేలిని చిటికెన వేలికి ఆనించి మణికట్టు కాస్త వంచితే మధ్యలో తాడులా పైకి లేస్తుందే, చాలాసార్లు వాడేది దాన్నే. కొందరికి పుట్టుకతోనే అది ఉండదు.

ఇక చదువు సంగతి. మన బీపీటీ ఎంత బాగా చేసినా దానితో నేరుగా అథ్లెటిక్ ట్రైనర్ సర్టిఫికేషన్ పరీక్షకి కూర్చోనివ్వరు. అథ్లెటిక్ ట్రైనింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ సీఏఏటీఈ గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ పూర్తిచేయాలి, ఇప్పుడది మాస్టర్స్ స్థాయిలోనే ఉంది, సాధారణంగా రెండేళ్లు. చేరడానికి బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, సైకాలజీ, అనాటమీ, ఫిజియాలజీ చదివి ఉండాలి. నా బీపీటీ మార్కుల జాబితాలో కాలేజీ స్థాయి కెమిస్ట్రీ, ఫిజిక్స్ లేవని చెప్పారు, అందుకని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకి వెళ్లి అవి ముగించాను. "ఇంత చదివి మళ్లీ ఇంటర్ ఫిజిక్సా అమ్మా?" అని ఫోన్‌లో మా అమ్మ బాధపడింది. నాకు మాత్రం మళ్లీ పుస్తకం పట్టుకోవడం హాయిగానే ఉంది.

ప్రోగ్రామ్‌లో అసలు నేర్పింది క్లాసురూమ్ కాదు. హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు దగ్గర వేశారు. రోజూ మధ్యాహ్నం వరసగా నిలబడిన పిల్లల చీలమండలకి టేపు వేయడం, తలకి దెబ్బ తగిలినవాడిని ఎంత బతిమాలినా ఆటలోకి పంపకపోవడం, కోచ్ ముఖం మాడ్చుకున్నా మాట మార్చకపోవడం అక్కడే అలవాటయ్యాయి. క్లినిక్‌లో రోగి మన దగ్గరికి వస్తాడు, ఇక్కడ మనమే మైదానం గీత పక్కన నిలబడి దెబ్బ తగిలిన క్షణం చూస్తాం. ఆ తేడా ఎంత పెద్దదో మైదానంలో నిలబడితేనే తెలుస్తుంది.

చదువు చివర్లో ప్రోగ్రామ్ డైరెక్టర్ ఒప్పుకుంటే బోర్డ్ ఆఫ్ సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి. 175 ప్రశ్నలు, 4 గంటలు. 200 నుంచి 800 దాకా ఉండే స్కేలులో 500 వస్తే పాస్. ఒక్క సమాధానం ఎంచుకునే ప్రశ్నలే కాదు, వరసలో పెట్టేవీ, బొమ్మలో చోటు గుర్తించేవీ ఉంటాయి. టెన్షన్ పడ్డాను, కానీ బీపీటీలో బట్టీ పట్టిన నరాలూ కండరాలూ అక్కడ బాగా ఆదుకున్నాయి. దాని తర్వాత రాష్ట్రం లైసెన్స్ వేరే తీసుకోవాలి. జట్టు వేరే రాష్ట్రం వెళ్తే ఆ లైసెన్స్ పనికొస్తుందా, ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అన్న గొడవ చాలాకాలం నడిచింది, 2018లో కేంద్ర చట్టం వచ్చాక జట్టుతో ప్రయాణించేవాళ్లకి ఆ బెంగ తీరింది.

ఉద్యోగం దొరకడం వేరే కథ. ఒక్కో మేజర్ లీగ్ జట్టు కింద మెట్లుమెట్లుగా ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, హై ఏ, సింగిల్ ఏ జట్లు, వాటికింద అరిజోనాలోనో ఫ్లోరిడాలోనో శిక్షణ కేంద్రంలోనే (కాంప్లెక్స్ అంటారు) కొత్త కుర్రాళ్లు ఆడే కాంప్లెక్స్ లీగ్, డొమినికన్ రిపబ్లిక్‌లో అకాడమీ ఉంటాయి. కొత్తవాళ్లని దాదాపు ఎప్పుడూ కింది మెట్టు మీదే తీసుకుంటారు, అదీ సీజన్ వరకు ఇంటర్న్‌గా. ఇంటర్వ్యూలో భుజం పరీక్షించి చూపించమన్నారు. ఆటగాడిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పక్కకి చాపించి, మోచెయ్యి వంచి, భుజం ముందుకీ వెనక్కీ ఎంత తిరుగుతోందో కొలవాలి. విసిరే చెయ్యి వెనక్కి ఎక్కువ, ముందుకి తక్కువ తిరగడం పిచ్చర్లలో మామూలే, రెండూ కలిపితే మాత్రం రెండో చేతితో దాదాపు సమానం రావాలి. కొలుస్తూ ఇదంతా పైకి చెప్పాను. తర్వాత వాళ్లడిగిన ప్రశ్న ఒక్కటే: స్పానిష్ వచ్చా?

కొద్దిగానే వచ్చు, అప్పటికి. ఈ దారిలో వద్దామనుకునేవాళ్లు మొదటిరోజు నుంచే స్పానిష్ మొదలుపెట్టండి. కాంప్లెక్స్‌లో పిల్లలు చాలామంది డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా నుంచి పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో వస్తారు. ఇంటిల్లిపాదీ వాళ్ల చెయ్యి మీద ఆశ పెట్టుకుని ఉంటారు. నొప్పి అని చెబితే ఇంటికి పంపేస్తారేమోనని భయం. ఒక కుర్రాడు రోజూ "ఎస్తోయ్ బియెన్" అనేవాడు, బాగున్నానని. ఒకరోజు బుల్‌పెన్‌లో (పిచ్చర్లు విసరడం సాధన చేసే చోటు) విసిరాక నీళ్ల సీసా ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచేతివాటం పిల్లాడు, రోజూ కుడిచేత్తో తాగేవాడు. మరో పది బంతులు చూశాను, ఒక్కో బంతి విసిరాక చేతివేళ్లు విదిలిస్తున్నాడు. కోచ్‌కి చెప్పి ఆపించి, లోపలికి తీసుకెళ్లి, ఏమీ అడగకుండా ముందు మోచేతి లోపలివైపు వేలితో నొక్కుతూ వెళ్లాను. ఒకచోట ఊపిరి బిగబట్టాడు. అప్పుడు వాళ్లమ్మ గురించి అడిగాను. ఏడ్చేశాడు. స్కాన్‌లో లిగమెంట్ బాగానే ఉంది, ముంజేతి కండరం బెణికింది. కొన్ని వారాలు విసరడం ఆపించి, తర్వాత 45 అడుగుల దూరం నుంచి మొదలుపెట్టి మెల్లగా 60, 90, 120 అడుగులకి పెంచుకుంటూ వెళ్లాం. మళ్లీ ఆడాడు. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ పిల్లలు నిజం చెప్పే నమ్మకం. అది రోజూ అదే బల్ల దగ్గర కనబడితేనే వస్తుంది, ఏ డిగ్రీతోనూ రాదు.

కష్టం దాచను. రాత్రి 7 గంటల మ్యాచ్‌కి మధ్యాహ్నమే వెళ్లాలి, అయిపోయాక ఐస్ కట్టి, చికిత్స చేసి, ప్రతి ఒక్కరి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. సింగిల్ ఏ, దానిపై మైనర్ లీగ్ జట్లు మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆడతాయి, సెలవు సోమవారమే. సింగిల్ ఏలో సీజన్‌కి 132 మ్యాచ్‌లు. జులైలో ఇక్కడి ఎండ మన రెంటచింతలని మరిపిస్తుంది, వడదెబ్బకి ఐసునీళ్ల తొట్టి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాం. ఒంట్లో వేడి 40.5 డిగ్రీలు దాటి మనిషి తడబడుతుంటే ముందు తొట్టిలో దించి చల్లబరచాలి, ఆంబులెన్సు ఎక్కించడం ఆ తర్వాతే. కింది మెట్టు మీద జీతం తక్కువ. మా ఆయన ఉద్యోగం లేకపోతే మొదటి సీజన్లు గడవడం కష్టమయ్యేది, గ్రీన్ కార్డు కూడా ఆయన ద్వారానే వచ్చింది కనుక వీసా బాధ నాకు లేదు. మీ లెక్కలో ఈ రెండూ ముందే చూసుకోండి.

ఆడవాళ్లని రానిస్తారా అని చాలామంది అడుగుతారు. 2012 సీజన్‌కి డాడ్జర్స్ జట్టు స్యూ ఫాల్సోన్‌ని హెడ్ అథ్లెటిక్ ట్రైనర్‌గా పెట్టుకుంది, మేజర్ లీగ్‌లో ఆ స్థానానికి వచ్చిన మొదటి మహిళ ఆవిడ, ఫిజికల్ థెరపీ చదువు కూడా ఉన్న మనిషి. నేను పనిచేసే చోట నన్ను ఎవరూ తక్కువగా చూడలేదు.

వద్దామనుకుంటే ఇండియాలో ఉండగానే ట్రాన్‌స్క్రిప్టులు, ప్రతి సబ్జెక్టు సిలబస్ కాపీలు యూనివర్సిటీ సీలుతో తీసుకోండి, ఇక్కడికొచ్చాక తెప్పించడం చాలా ఆలస్యం. సర్టిఫికేషన్ వచ్చాక రెండేళ్లకోసారి 50 యూనిట్ల కొత్త చదువు చూపించాలి, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) కార్డు గడువు దాటనివ్వకూడదు. జట్ల ఉద్యోగ ప్రకటనలు ఎక్కువగా సీజన్ అయ్యాక, శీతాకాలంలో వస్తాయి, కాబట్టి పరీక్ష అంతకుముందే రాసేలా చూసుకోండి.