కుడి వెనకకాలు

పదకొండున్నర. పడుకుని, లేచి, మళ్లీ కూర్చున్నాను. లాడాలాయన వెళ్తూ వెళ్తూ అన్న మాట చెవి దగ్గర జోరీగలా తిరుగుతోంది. "గుర్రానిదేం లేదమ్మా, పట్టుకున్నవాళ్లకే ఓపిక లేదు."

నాకా? ఓపిక లేనిది నాకా?

ఆరు వారాలుగా రోజూ సాయంత్రం దొర కాళ్లు పట్టుకుంటున్నది ఎవరు? (ఇదే మాట ఇంట్లో అంటే మా ఆయన, "గుర్రం కాళ్లు పట్టుకునేదాకా వచ్చిందా" అని నవ్వాడు. ఆ నవ్వు సంగతి ఇంకో రోజు రాస్తాను.) జబ్బ మీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే గిట్ట పైనుండే గిలక దాకా జార్చి, కాలు ఇచ్చాక మూడు లెక్కపెట్టి, వాడు లాక్కునేలోపే నేనే మెల్లగా కింద పెట్టడం. గుంజుకుంటుంటే మాత్రం వదలకూడదు. వదిలామా, గుంజితే పని జరుగుతుందన్న పాఠం వాడికి ఎక్కేస్తుంది. మూడు ఐదయ్యింది, ఐదు ఇరవయ్యింది. మేకుల దెబ్బ కొత్తగా ఉండకూడదని చెంచాతో గిట్ట మీద టకటకా కొట్టేదాన్ని కూడా.

ఇవాళ లాడాలాయనకి ముందుకాళ్లు రెండూ బంగారంలా ఇచ్చాడు. ఆకురాయి గీకుతుంటే కింది పెదవి వేలాడేసి కునికాడు. సరే, అది అయింది.

పదింటికి వస్తానన్న మనిషి ఒంటిగంటకు వచ్చాడు. అప్పటిదాకా కట్టేసే ఉంచాను. ఈగలు. వచ్చేసరికి కాస్త గడ్డి పెట్టుకునైనా నిలబెడదామంటే ఉన్నదంతా పన్నెండింటికే అయిపోయింది. సరిగ్గా ఆ టైముకే మా ఆయన తోడు గుర్రాన్ని బయట తిప్పుకొస్తానని తీసుకుపోయాడు. తోడు కనబడకపోతే వీడు ఎంత గోల చేస్తాడో మీకు తెలుసుగా. దానికి తోడు లాడాలాయన పాఠం ఒకటి: "అటు కాదమ్మా, నేనున్న వైపే నిలబడు. బెదిరితే తల నీ వైపు లాగు, వెనక భాగం మన నుంచి అవతలికి పోతుంది." నిజమే. నాకు తెలిసిందే. తెలిసినదాన్ని ఇంకొకరు చెబితే వచ్చే మంట వేరు.

నిజానికి నా కోపం ఈయన మీద కాదేమో. దొర వచ్చిన కొత్తలో వేరే ఆయన వచ్చేవాడు. పై పెదవికి తాడు మెలేసి పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. అయినా కాలు గుంజాడని ఆకురాయి తిరగేసి డొక్కలో ఒక్కటిచ్చాడు. తడి గోనె మీద కర్రతో కొట్టినట్టు చప్పుడు. నేనేం చేశాను? "వీడంతేనండీ, పొగరు" అన్నాను. గుర్రాన్ని కొట్టినవాడికి నేను సంజాయిషీ చెప్పాను. ఆ తర్వాత చాన్నాళ్లు లాడాలు కొట్టేవాళ్లు కట్టుకునే తోలు ఏప్రన్ కనబడితే చాలు, మెడంతా చెమట పట్టేసేది వాడికి. ఓసారి నేను రెయిన్‌కోటు వేసుకుని వెళ్తే నన్ను చూసి కూడా వెనక్కి జరిగాడు.

ఇవాళ కుడి వెనకకాలు దగ్గర అల్లరి చేసింది ఆ పాత భయంతోనే అని రాద్దామని కూర్చున్నాను. ఇక్కడిదాకా రాశాక నమ్మకం కలగట్లేదు. భయమే అయితే మిగతా మూడు కాళ్లూ ఎందుకిచ్చాడు? కునుకు తీసేటప్పుడు గుర్రాలు వెనకకాళ్లు మార్చి మార్చి సడలించుకుంటాయి. వీడు ఎప్పుడు చూసినా కుడిదే వంచి ఉంటాడు. అదో స్టైలనుకున్నాను. పంతొమ్మిదేళ్లవాడికి స్టైలేమిటి నా మొహం. పైగా నేను రోజూ నేలకి జానెడు ఎత్తులో పట్టుకుని మురిసిపోయాను. లాడాలాయన దాన్ని వెనక్కి సాగదీసి తొడ మీద పెట్టుకోవాలి, కీలంతా మడవాలి. నేను నేర్పింది ఒకటి, ఆయనకి కావాల్సింది ఇంకొకటి. గుంజిన ప్రతిసారీ నేను "ఏయ్" అని పగ్గం విదిలించాను. మూడుసార్లు. చివరికి ఆయనే కాలు దించి, ముందుకి తెచ్చి స్టాండు మీద పెట్టుకుంటే కిక్కురుమనకుండా నిలబడ్డాడు. ఆ తర్వాతే ఆ మాట అన్నది.

అన్నాడులే. కీలు నొప్పేమో డాక్టరుకి చూపించమని కూడా ఒక్క ముక్క అనొచ్చుగా మరి?

ఇందాక టార్చి పట్టుకుని శాలలోకి వెళ్లాను. కుడికాలే వంచి ఉన్నాడు. షూ లేసులు కట్టుకోడానికి మా ఆయన కూర్చునే పొట్టి స్టూలు తెచ్చి, కాలు ముందుకి తీసి దాని మీద పెట్టాను. నలభై దాకా లెక్కపెట్టాను, కదల్లేదు. నలభై ఒకటికి బరువంతా దాని మీదే మోపాడు.

స్టూలు ముక్కలు గడ్డి కింద దాచాను. ఆయన ఇంకా చూడలేదు.