చెంచాడు ప్రసాదం

పదకొండు కావస్తోంది. మా ఆయన ఎప్పుడో పడుకున్నారు. పొద్దున అక్కావాళ్ళింట్లో జరిగింది నా మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇలా కూర్చున్నాను.

వ్రతం బాగానే జరిగింది. పంతులుగారు ఐదు కథలూ తొందరపడకుండా చదివారు, అక్క మొహం కళకళలాడింది. చిక్కంతా ప్రసాదం దగ్గరే. మా ఆయన చెయ్యి చాపారు, అక్క చెంచాడు పెట్టింది. పక్కనే ఉన్న బావగారు అందులో సగానికి పైగా తన చేతిలోకి తీసేసుకుని, "తమ్ముడూ, నీకు షుగర్ కదా, కళ్ళకద్దుకుంటే చాలు" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. భోజనాల దగ్గరా ఇదే వరస. పులిహోర రెండోసారి వడ్డించబోతే పిన్ని అడ్డుపడింది. బూరె వేస్తే మూడు గొంతులు ఒకేసారి లేచాయి. అంతా ప్రేమతోనే, కాదనను.

చేతులు కడుక్కున్నాక బావగారు "రా తమ్ముడూ, అలా కిందికెళ్ళొద్దాం" అన్నారు. కారులో మర్చిపోయిన పళ్ళ సంచి కోసం నేను సెల్లార్‌లోకి దిగాను. జనరేటర్ పక్కన ఇద్దరూ నిలబడి ఉన్నారు. బావగారు జేబులోంచి రెండు సిగరెట్లు తీసి, ఒకటి ఈయన చేతికిచ్చి, గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి మరీ లైటర్ వెలిగించి పట్టుకున్నారు. ప్రసాదం తీసేసుకున్న చెయ్యే అది!

అప్పటినుంచీ నాకు ఒళ్ళు మండుతోంది. షుగర్ మనిషి కంచంలో ఏముందో ఊరంతటికీ కావాలి. వేళ్ళ మధ్య ఏముందో ఎవరికీ అక్కర్లేదు. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటేనని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో కంచం దగ్గర ఒక కాపలా, పాన్‌డబ్బా దగ్గర పూర్తి స్వేచ్ఛ నడుస్తున్నాయో! డాక్టర్లు కూడా అంతే అనిపిస్తుంది ఒక్కోసారి. ఈమధ్య వెళ్ళినచోట అన్నం ఎన్ని పూటలు, చపాతీలు ఎన్ని, కాఫీలో చక్కెర ఎంత అని ఓపిగ్గా అడిగారు. "స్మోకింగ్?" అంటే ఈయన "అప్పుడప్పుడండీ" అన్నారు. డాక్టరు ఏదో టైపు చేసుకుని పక్క ప్రశ్నకి వెళ్ళిపోయారు. ఆ అప్పుడప్పుడు అంటే ఎప్పుడెప్పుడో నేను చెబుదామనుకునేలోపే మందుల చీటీ చేతిలో పెట్టారు.

సెల్లార్‌లో ఆ లైటర్ మంట చూసినప్పుడు నాకు పెదనాన్న గుర్తొచ్చాడు.

మా ఊళ్ళో బేరన్ (పొగాకు ఆకుని వేడికి ఎండబెట్టే కొట్టం) కాల్చే రోజుల గురించి ఇదివరకు రాశాను, పెదనాన్న కాలి గురించి మాత్రం రాయలేదు. పచ్చాకు కర్రలకు కట్టి బేరన్‌లోకి ఎక్కించాక ఐదారు రోజులు పొయ్యి ఆరకూడదు. అలాగని మంట ఎగదోయకూడదు. ముందు ఆకు పసుపు తిరగాలి, ఆ రంగు నిలవాలి, ఆఖరున ఈనె కూడా ఎండాలి. మంట కాస్త అటూ ఇటూ అయితే ఆకు రంగు చెడిపోయి వేలంలో రేటు పడిపోతుంది. అందుకని మగవాళ్ళు రాత్రుళ్ళు వంతులవారీగా మేలుకునేవాళ్ళు. పెదనాన్నకి వంతులు లేవు, అన్ని రాత్రులూ ఆయనవే. థర్మామీటర్ చూడ్డం, కట్టె లోపలికి తొయ్యడం, చుట్ట ముట్టించుకోవడం. బేరన్‌లో కాల్చే వర్జీనియా పొగాకు అమ్మడానికి. ఆయన చుట్టలకి నాటు పొగాకు వేరే ఉండేది, ఒళ్ళో గుడ్డ పరుచుకుని తనే చుట్టుకునేవాడు. అప్పటికే ఆయనకి షుగర్. పెద్దమ్మ బెల్లం డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసేది.

ఒక రాత్రి పొయ్యి ముందు జారిన నిప్పు మీద కాలేశాడు. ఆయనకి తెలియనే లేదు. పొద్దున కాళ్ళు కడుక్కుంటుంటే పెద్దమ్మ చూసింది, బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత బొబ్బ. "ఇంత కాలితే తెలియలేదా?" అంటే "ఏమో, తిమ్మిరిగా ఉంటదిలే" అన్నాడు. అదే ఆయనకి మొదటి గాయం. ఆకుపసరు రాశారు, పొడి చల్లారు, కట్లు కట్టారు. వారాలు గడిచినా మానలేదు. వేలు నల్లబడింది. ఒంగోలులో వేలు తీశారు. తర్వాత గుంటూరులో మోకాలి కింద నుంచి కాలే తీసేశారు. చూడ్డానికొచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, "షుగర్ కాలు తినేసింది". చుట్ట పేరు ఎవరి నోటా రాలేదు. ఆసుపత్రికి వెళ్ళే సంచిలో చక్కెర లేని కాఫీ ఫ్లాస్కుతోపాటు చుట్టల కట్ట కూడా పెద్దమ్మే సర్దేది. ఆ పొగాకు డబ్బుతోనే మా ఇంట్లో అందరి చదువులూ పెళ్ళిళ్ళూ జరిగాయి. ఆ ఇంట్లో పొగాకుని అనడానికి నోరెలా వస్తుంది?

జరిగింది ఏమిటో ఇప్పుడు అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి పెరిగిన షుగర్ పాదాల్లో నరాలని దెబ్బతీస్తుంది, అందుకే నిప్పు తగిలినా తెలియలేదు. గాయం మానాలంటే రక్తం అక్కడిదాకా చేరాలి. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలని బిగించేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. కాళ్ళకి వెళ్ళే నాళాలు ఏళ్ళు గడిచేకొద్దీ పూడుకుపోతాయి. ఒకటి నొప్పి తెలియనివ్వలేదు, రెండోది మాననివ్వలేదు. తిట్లన్నీ మొదటిదానికే పడ్డాయి.

మా ఆయన పాదాలు ఈమధ్య పరీక్ష చేయించాం. ఒక అమ్మాయి చేపల గాలానికి వాడే దారంలాంటి సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా నొక్కుతుంది. కళ్ళు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పాలి. కుడికాలు బాగానే చెప్పారు. ఎడమకాలి బొటనవేలి కింద ఆ పోగు వంగేదాకా నొక్కింది. ఈయన కళ్ళు మూసుకునే "ఊఁ, పెట్టండమ్మా" అన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. పెదనాన్నకి బొబ్బ వచ్చిన చోటే అది.

ఇంటికొచ్చి చెబితే "రోజుకి రెండేగా" అన్నారు. రెండే అనేది మాకు పాత గొడవే. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలన చదివి వినిపించాను. రోజుకి ఇరవై కాల్చేవాళ్ళకి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒకటి కాల్చేవాళ్ళకి అందులో దాదాపు సగం పెరుగుతుందట. షుగర్ ఉన్నవాళ్ళకి గుండె భయం ఎలాగూ ఎక్కువే. విన్నారు. పేపరు మడిచి టీవీ పెట్టారు.

బావగారికేమో ఇంకో వాదం. మానేస్తే లావెక్కుతారు, షుగర్ ఇంకా పెరుగుతుంది అంటారు. అది పూర్తిగా అబద్ధమని నేననను. కొందరికి మొదట్లో నాలుగు కిలోలు పెరుగుతాయి, కొన్ని నెలలు షుగర్ కూడా కాస్త అటూ ఇటూ అవుతుంది. డాక్టరుకి చెప్పి, మరికాస్త తరచుగా పరీక్ష చేసుకుంటే సర్దుకుంటుంది. నికోటిన్ ఉన్నన్నాళ్ళూ ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. మానేశాక కొన్ని వారాల్లోనే మెరుగవుతుందంటారు. కొందరికి మందుల మోతాదు తగ్గించాల్సి వస్తుంది కూడా. సగం నిజం పట్టుకుని మిగతా సగం వదిలేస్తే ఎలా?

ఇదంతా రేపు బావగారితో గట్టిగా మాట్లాడదామనే మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఆ పట్టు సడలుతోంది.

సెల్లార్‌లో ఈయన ఎలా ఉన్నారో మళ్ళీ గుర్తు చేసుకుంటున్నాను. భుజాలు వదులుగా, తల పైకెత్తి, బావగారేదో అంటుంటే గట్టిగా నవ్వుతూ ఉన్నారు. పొద్దుటినుంచీ ఆయన్ని ఎవరూ షుగర్ అని పిలవని చోటు అదొక్కటే. పైన అంతమంది కళ్ళు ఆయన చేతి మీద, కంచం మీద. కింద ఆయన మామూలు మనిషి. ఆ చోటు కూడా నేను లాగేసుకుంటే ఇంకో మూల వెతుక్కుంటారు, అది నాకు కనబడదు కూడా. కాపలాలు చాలా ఉన్నాయి ఆయనకి, ఇంకొకటి పెడితే మారేదేమీ లేదు. పెదనాన్న బెల్లానికి పెద్దమ్మ తాళం వేసింది కదా, ఏమైంది?

సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ ఉంటుంది, మానాలనుకునేవాళ్ళ కోసం 1800 11 2356 అని ఉచిత నంబర్ కూడా అచ్చేస్తున్నారు. ఈయన ఎప్పుడూ విడిగానే కొంటారు. పెట్టె ముట్టుకోరు, ఆ బొమ్మా కనబడదు, ఆ నంబరూ కనబడదు. నేను ఆ నంబర్ ఒక కాగితం మీద రాసి ఆయన పర్సులో పెట్టగలను. ఫోన్ చెయ్యాలనిపించేలా చెయ్యడం నా చేతిలో లేదు. బావగారి చేతిలో ఉందేమో. వాళ్ళిద్దరూ పాతికేళ్ళుగా కలిసి కాలుస్తున్నారు, ఒకరిని చూసి ఒకరు. ఒకరే మానాలంటే రెండోవారి జేబు ఎప్పుడూ అడ్డం వస్తుంది.

ఇంకో సంగతి ఇందాకటినుంచీ తొలుస్తోంది. సిగరెట్ తాగేవాళ్ళకి టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం తాగనివాళ్ళకంటే 30 నుంచి 40 శాతం ఎక్కువ. బావగారికి పొట్ట ఉంది, వాళ్ళమ్మగారికి షుగర్ ఉండేది. ఆయన ఇంతవరకూ రక్తపరీక్ష చేయించుకున్నది లేదని అక్కే ఒకసారి అంది. అక్క ఆయన్ని ఏ ఒక్కటీ వద్దనదు, ఇవాళ బూరెలు నాలుగు తిన్నారు.

గురువారం ఈయనకి అపాయింట్‌మెంట్ ఉంది. పొద్దున్నే అక్కకి ఫోన్ చేసి, ఆరోజు బావగారిని ఏమీ తిననివ్వకుండా మాతో పంపమంటాను. తోడుగా రమ్మన్నారని చెబితే వస్తారు, ఈయనంటే ఆయనకి ప్రాణం. పరగడుపు రక్తం ఇద్దరిదీ ఇప్పిద్దాం. డాక్టరు మళ్ళీ "స్మోకింగ్?" అంటే ఈసారి నేనే చెబుతాను, ఇద్దరి తరఫునా. కోప్పడితే పడనీ. అక్క ఎత్తగానే ముందు పరీక్ష మాట చెప్పాలా, సెల్లార్ మాట చెప్పాలా అన్నదే తేలడం లేదు.