లేఆఫ్ అన్న మాటకు రెండు అర్థాలు

2023 జనవరిలో టెక్సస్‌లోని మా కంపెనీ నన్ను లేఆఫ్ చేసిందని ఫోన్‌లో చెప్పగానే మా నాన్న "మళ్ళీ ఎప్పుడు పిలుస్తారురా?" అని అడిగారు. పిలవరని చెబితే, "మరి అది లేఆఫ్ ఎలా అవుతుంది?" అన్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. విజయనగరం జిల్లాలో ఆయన పనిచేసిన జూట్ మిల్లులో గోగునార అందనప్పుడు గేటు దగ్గర లేఆఫ్ నోటీసు అంటించేవారు. పేరు మస్టరులోనే ఉండేది, సరుకు రాగానే పనిలోకి వెళ్ళేవారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కూడా లేఆఫ్‌ను తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడంగానే నిర్వచించి, ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి ఆ రోజులకు మూలవేతనం, కరువు భత్యాలలో సగం పరిహారంగా ఇవ్వాలని చెప్పింది. పూర్తిగా తొలగించడానికి ఆ చట్టంలో రిట్రెంచ్‌మెంట్ అనే వేరే మాట ఉండేది.

'లే' అంటే పెట్టడం, 'ఆఫ్' అంటే దూరంగా. మన 'పక్కన పెట్టడం' దీనికి బాగా దగ్గరి మాట. పక్కన పెట్టినదాన్ని మళ్ళీ తీసుకోవచ్చు కదా! బ్రిటన్ చట్టంలో నేటికీ లేఆఫ్ తాత్కాలికమే, శాశ్వతంగా ఉద్యోగం పోతే రిడండెన్సీ అంటారు. అమెరికాలో మాత్రం, ముఖ్యంగా ఆఫీసు ఉద్యోగాలలో, ఆ మాటకు తిరిగి పిలుస్తారన్న అర్థం దాదాపుగా పోయింది. (డాక్టరు "లే ఆఫ్ ద సాల్ట్" అంటే ఉప్పు మానమని. అది వేరే వాడుక.)

అయితే మరో అర్థభేదం ఇక్కడ గట్టిగా నిలిచి ఉంది, దాన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఉద్యోగి తప్పు వల్ల తీసేస్తే 'ఫైర్డ్', కంపెనీ అవసరాల వల్ల తీసేస్తే 'లెయిడ్ ఆఫ్'. మొదటి ఇంటర్వ్యూలో, తెలుగులో 'తీసేశారు' అనే అలవాటుతో, "దే రిమూవ్డ్ మీ" అన్నాను. మిగిలిన సమయమంతా నేనేం తప్పు చేశానన్న ప్రశ్నలకు జవాబు చెప్పడంతోనే సరిపోయింది. కంపెనీ తరఫున పనిచేయడానికి ఇచ్చే హెచ్-1బి వీసా మీద అమెరికాలో ఉన్నవాడికి ఉద్యోగం పోయాక, ఇక్కడే ఉండి మరోటి వెతుక్కోవడానికి 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అందులో ఒక ఇంటర్వ్యూ పోవడం చిన్న నష్టం కాదు. ఆ తరువాత ప్రతిచోటా "ఐ వాజ్ లెయిడ్ ఆఫ్, మా టీమ్ మొత్తాన్ని ఎత్తేశారు" అని మొదటి వాక్యంలోనే స్పష్టంగా చెప్పాను. 43వ రోజున మరో కంపెనీ నన్ను తీసుకుని, నా కోసం హెచ్-1బి పిటిషన్ దాఖలు చేసింది.