నంబర్ సిస్టమ్ కోసం 720720 ఒక్కటి పట్టుకోండి

గ్రూప్స్, ఎస్ఎస్‌సీ, రైల్వే... దేనికి చదువుతున్నా అరిథ్‌మెటిక్‌లో నంబర్ సిస్టమ్ తప్పదు. ఈ చాప్టర్‌కి షార్ట్‌కట్లు బట్టీ పట్టడం నేను మానేశాను. ఒకే పెద్ద సంఖ్య తీసుకుని, దాని మీద ఎన్ని రకాల బిట్లు అడగొచ్చో అన్నీ వేసుకుని చేశాను. నాకు నిజంగా పనికొచ్చింది ఇదే. ఆ సంఖ్య 720720.

వెంటనే భాగహారాలు మొదలుపెట్టకండి, ముందు సంఖ్యను చూడండి. 720 పక్కన మళ్లీ 720. మూడంకెల సంఖ్యను పక్కపక్కనే రెండుసార్లు రాస్తే 1001తో గుణించినట్టే. 1001 అంటే 7 × 11 × 13. 720 అంటే 2⁴ × 3² × 5. మొత్తం విడిపోయింది. 523abc అనే సంఖ్యను 7, 11, 13 మూడూ నిశ్శేషంగా భాగిస్తే abc ఎంత అని అడిగారనుకోండి, లెక్క చేసే పనే లేదు. జవాబు 523.

ఇప్పుడు కారణాంకాల సంఖ్య. ఘాతాంకాలకు ఒకటి చొప్పున కలిపి గుణిస్తే 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఎందుకు కలుపుతామో తెలుసుకోవడమే ముఖ్యం. ఒక కారణాంకం తయారవ్వాలంటే 2ను అసలు వాడకపోవచ్చు, లేదా నాలుగుసార్ల వరకు వాడొచ్చు. అంటే ఐదు దారులు. 3కి మూడు, మిగతా వాటికి రెండేసి. ఇది పట్టుబడితే బేసి కారణాంకాలకు వేరే ఫార్ములా ఎందుకు? 2ను వదిలేస్తే 48. సరివి 192. వర్గ సంఖ్యలు కావాలంటే 2నీ 3నీ జతలుగానే తీసుకోవాలి: 1, 4, 9, 16, 36, 144, అంతే ఆరు. 720720ను ఖచ్చిత వర్గం చేయాలంటే జత లేని 5, 7, 11, 13లకు జత ఇవ్వాలి, అంటే 5005తో గుణించాలి. అప్పుడు వర్గమూలం 60060.

తనకంటే చిన్న సంఖ్య దేనికీ లేనన్ని కారణాంకాలు ఉన్న సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద పరిశోధనా పత్రమే ప్రచురించారు. 720720 ఆ కోవలోదే. పరీక్షలో ఇది అడగకపోవచ్చు, కానీ తెలిశాక ఈ సంఖ్య మీద నాకు గౌరవం పెరిగింది.

1 నుంచి 16 వరకు సంఖ్యల క.సా.గు కూడా ఇదే. కాబట్టి 2 నుంచి 16 వరకు దేనితో భాగించినా 1 శేషం వచ్చే సంఖ్య 720721. దానికి తోడు 17తో నిశ్శేషంగా పోవాలంటే? 720720ని 17తో భాగిస్తే శేషం 5. దాన్ని k రెట్లు చేసి 1 కలిపితే, 5k + 1 అనేది 17 గుణిజం కావాలి. k = 10 దగ్గర 51 వస్తుంది. జవాబు 7207201. ఇక్కడ ఆప్షన్ల నుంచి వెనక్కి వెళ్లే పద్ధతి కంటే శేషాలతో చేయడమే త్వరగా అవుతుందని నా అభిప్రాయం.

ఇది అయ్యాక 510510 తీసుకోండి. అందులో 2 నుంచి 17 వరకు ఏడు ప్రధాన సంఖ్యలున్నాయి, 720720లో ఆరే. అయినా కారణాంకాలు 128 మాత్రమే. ఎందుకో ఘాతాంకాలు రాసుకుని చూడండి.