సీఎస్ఐఆర్ నెట్ కెమిస్ట్రీ: లో-వాలెంట్ మెయిన్ గ్రూప్ కాంపౌండ్లను నేను చదివిన తీరు

నెట్‌కి (రీసెర్చ్ ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష) ప్రిపేర్ అవుతున్న మిత్రులందరికీ నమస్తే. మెయిన్ గ్రూప్ అనగానే మనలో చాలామంది బోరేన్లు, వేడ్ రూల్స్, జినాన్ ఫ్లోరైడ్ల ఆకారాలు చదివి పుస్తకం మూసేస్తారు. కార్బీన్లు, సిలిలీన్లు, జెర్మిలీన్లు, అంటే మామూలు నాలుగుకు బదులు రెండే బంధాలున్న (లో-వాలెంట్) కార్బన్, సిలికాన్, జెర్మేనియం కాంపౌండ్లు వస్తే "ఇదంతా రీసెర్చ్, మనకెందుకు" అంటారు. దయచేసి వదలకండి. సిలబస్‌లో మెయిన్ గ్రూప్, ఆర్గానోమెటాలిక్ కెటాలిసిస్ రెండూ ఉన్నాయి. ఆ రెండూ కలిసే చోటు ఇదే. ఇనార్గానిక్ అంటే నాకున్న టెన్షన్ తగ్గింది కూడా ఇక్కడే.

ముందు ఒక బొమ్మ వేయండి. రెండే బంధాలున్న సిలికాన్ పరమాణువు, దాని మీద ఒక లోన్ పెయిర్ (బంధంలో లేని ఎలక్ట్రాన్ల జంట), దానికి లంబంగా ఒక ఖాళీ పి ఆర్బిటాల్. ఎలక్ట్రాన్లు ఇచ్చేదీ, పుచ్చుకునేదీ ఒకే పరమాణువు మీద ఉన్నాయి. ట్రాన్సిషన్ మెటల్ తన డి ఆర్బిటాళ్లతో చేసే పని కూడా ఇదే. హైడ్రోజన్ దగ్గరికి వస్తే దాని సిగ్మా ఎలక్ట్రాన్లు ఖాళీ ఆర్బిటాల్‌లోకి వెళ్తాయి, లోన్ పెయిర్ వెళ్లి హైడ్రోజన్ సిగ్మా స్టార్‌లో (బంధాన్ని బలహీనపరిచే యాంటీబాండింగ్ ఆర్బిటాల్‌లో) చేరుతుంది. మోల్‌కు 436 కిలోజౌళ్ల బంధం అలా తెగుతుంది. 2005లో ఫిలిప్ పవర్ బృందం జెర్మేనియం–జెర్మేనియం బహుబంధం ఉన్న డైజెర్మైన్‌తో, గది ఉష్ణోగ్రతలో, ఒక అట్మాస్ఫియర్ పీడనంలోనే హైడ్రోజన్‌ని చర్య జరిపించింది. ట్రాన్సిషన్ మెటల్ లేకుండా! నాకైతే ఇప్పటికీ అది చదివితే ఒళ్లు పులకరిస్తుంది.

2007లో బెర్ట్రాండ్ బృందం ఆల్కైల్ అమైనో కార్బీన్లతో హైడ్రోజన్‌నే కాదు, అమ్మోనియాని కూడా విడగొట్టింది. మరి 1991లో ఆర్డ్యుయెంగో వేరుచేసిన ఎన్‌హెచ్‌సీ (ఎన్-హెటెరోసైక్లిక్ కార్బీన్) రకం కార్బీన్లు ఆ పని ఎందుకు చేయవు? వాటిలో కార్బీన్ కార్బన్‌కి రెండు పక్కలా నైట్రోజన్లే. రెండూ తమ లోన్ పెయిర్లతో ఖాళీ పి ఆర్బిటాల్‌ని నింపేస్తాయి. ఒక నైట్రోజన్ బదులు కార్బన్ పెడితే హోమో (ఎలక్ట్రాన్లున్న ఆర్బిటాళ్లలో పైది) పైకి, లూమో (ఖాళీ ఆర్బిటాళ్లలో కిందిది) కిందికి జరిగి గ్యాప్ తగ్గుతుంది. ఈ ఒక్క కారణం అర్థమైతే నెట్ పేపర్ పార్ట్ సీలో రియాక్టివిటీ ఆర్డర్ అడిగినా బట్టీ అక్కర్లేదు.

గ్రూప్ ట్రెండ్ తేలిక. మిథిలీన్ (అతి సరళమైన కార్బీన్) ట్రిప్లెట్, అంటే రెండు ఎలక్ట్రాన్లు విడివిడిగా ఉంటాయి; సిలిలీన్ నుంచి కిందికి సింగ్లెట్, అంటే అవి జతగా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ లోన్ పెయిర్‌లో ఎస్ స్వభావం పెరుగుతుంది. మనం ఇంటర్‌లో చదివిన ఇనర్ట్ పెయిర్ ఎఫెక్టే ఇది.

వీటిని లిగాండ్‌గా (మెటల్‌కి అతుక్కునే అణువుగా) చూసేటప్పుడు ఎలక్ట్రాన్ కౌంటింగ్ జాగ్రత్త. లోన్ పెయిర్ మెటల్‌కి ఇస్తే ఎల్ టైప్, రెండు ఎలక్ట్రాన్లు. ఖాళీ ఆర్బిటాల్‌తో మెటల్ దగ్గర తీసుకుంటే జెడ్ టైప్, సున్నా. గ్రబ్స్ రెండో తరం కెటలిస్ట్‌లో (రుథీనియం కాంప్లెక్స్) ఒక ఫాస్ఫీన్ స్థానంలో ఎన్‌హెచ్‌సీ వచ్చింది, అది బలమైన సిగ్మా డోనర్ కాబట్టి. ఆ కెటలిస్ట్ బొమ్మను మొదట వేసిన బొమ్మ పక్కనే పెట్టుకుని చదవండి.

కెటాలిసిస్ దగ్గరే అసలు చిక్కు. బంధం తెంచడం సులువు, ప్రాడక్ట్‌ని వదిలి మళ్లీ మొదటి స్థితికి రావడం కష్టం. సిలికాన్ ప్లస్ 4కి చేరితే అక్కడే స్థిరపడుతుంది. దీనికి రెండు దారులు దొరికాయి. ఒకటి, ఆక్సిడేషన్ స్టేట్ అసలు మారకుండా నడిపించడం. 2014లో జోన్స్ బృందం జెర్మేనియం, టిన్ హైడ్రైడ్లతో ఆల్డిహైడ్లు, కీటోన్ల హైడ్రోబోరేషన్ (బోరాన్–హైడ్రోజన్ బంధాన్ని వాటికి కలపడం) చేసింది. అక్కడ జెర్మేనియం లేదా టిన్ మొదటి నుంచి చివరిదాకా ప్లస్ 2లోనే ఉంటుంది. రెండోది, కింది స్థితి ఇష్టపడే బిస్మత్‌ని వాడటం. కోర్నేయా బృందం ప్లస్ 1, ప్లస్ 3 మధ్య సైకిల్ నడిపింది.

నా నోట్‌బుక్‌లో ప్రతి కాంపౌండ్‌కీ హోమో ఏది, లూమో ఏది, సైకిల్‌లో ఆక్సిడేషన్ స్టేట్ మారిందా అన్న మూడు గళ్లే ఉండేవి. పార్ట్ సీలో 60 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోటి 4 మార్కులు, తప్పైతే పావు వంతు కోత. ఇలాంటి ప్రశ్న కనిపిస్తే ముందు మూడో గడి గుర్తు తెచ్చుకోండి, రెండు ఆప్షన్లు అక్కడే పోయే అవకాశం ఎక్కువ.