గేమ్ స్టూడియో యానిమేషన్ టెస్టు: అతుకు కనపడని లూప్ కోసం నా ప్రిపరేషన్

హైదరాబాద్‌లో జూనియర్ యానిమేటర్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన పరీక్షకు హాల్‌టికెట్ లేదు, సిలబస్ లేదు. స్టూడియో వాళ్లు ఒక రిగ్ (కదిలించడానికి వీలుగా ఎముకలు, కంట్రోళ్లు అమర్చిన బొమ్మ) పంపి, గడువు చెప్పి, ఒక వాక్ సైకిల్ (నడక), ఒక ఐడిల్ (ఊరికే నిలబడి ఉండటం) చేసి పంపమంటారు. రెండూ లూప్‌లే, అంటే చివరికి రాగానే మళ్లీ మొదటి నుంచి తిరిగే యానిమేషన్లు. నాకు వచ్చిన టెస్టూ అదే. పాసై ఇప్పుడు మాదాపూర్‌లో పనిచేస్తున్నాను.

కాంటాక్ట్ (ముందు పాదం నేలను తాకడం), డౌన్ (శరీరం కిందికి దిగడం), పాసింగ్ (ఒక కాలు రెండో కాలిని దాటడం), అప్ (శరీరం పైకి లేవడం) అనే నాలుగు నడక పోజులూ అమీర్‌పేటలో ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినా మొదట్లోనే నేర్పిస్తారు. అందుకే అందరి పోజులూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. టెస్టు చూసేవాళ్లు లూప్‌ను ఆపకుండా తిప్పుతూ చూస్తారు. ఒకసారి చూస్తే బాగున్న నడక పదోసారి తిరిగేసరికి ఎక్కడో కుంటుతుంది. ఎక్కువసార్లు ఆ కుంటు చివరి ఫ్రేము మొదటి ఫ్రేముతో కలిసే చోటే ఉంటుంది. నా ప్రిపరేషన్‌లో ఎక్కువ భాగం ఆ ఒక్క చోటు మీదే పెట్టాను.

ముందు ఫ్రేముల లెక్క చూద్దాం. సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 12 అనుకుంటే రెండడుగుల సైకిల్ 24 ఫ్రేములు. 25వ ఫ్రేములో 1వ ఫ్రేము పోజే ఉండాలి. వీడియోగా రెండర్ చేసేటప్పుడు 1 నుంచి 24 వరకే తీయాలి. 25 కూడా కలిపితే ఒకే పోజు వరసగా రెండుసార్లు కనిపించి నడక చిన్నగా తడబడుతుంది. యూనిటీ లాంటి గేమ్ ఇంజిన్‌కు (గేమును నడిపించే సాఫ్ట్‌వేర్‌కు) ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇంజిన్ ఫ్రేములను కాదు, టైమును చూస్తుంది. 1 నుంచి 25 వరకు ఇస్తేనే సరిగ్గా ఒక సెకను అవుతుంది. 24 దగ్గర కత్తిరిస్తే 24 నుంచి మళ్లీ 1కి రావాల్సిన ఆ ముక్క మాయమై, ప్రతి సెకనుకూ ఒక కుదుపు వస్తుంది. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి టెక్నికల్ ప్రశ్న ఇదే.

పోజు కలిసినంత మాత్రాన సరిపోదు, వేగం కూడా కలవాలి. మాయా లాంటి యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో మనం పోజు పెట్టిన ఫ్రేమును కీ అంటారు, కీల మధ్య కదలికను చూపే గీత కర్వ్, కీ దగ్గర ఆ గీత వాలును నిర్ణయించేది ట్యాంజెంట్. మాయాలో ఆటో ట్యాంజెంట్లను అలాగే ఉంచేస్తే మొదటి కీ, చివరి కీ దగ్గర కర్వ్ చదునుగా పడుకుంటుంది. అంటే చెయ్యి ఊపు మధ్యలో ఉన్నా అక్కడికి రాగానే నెమ్మదించి, ఆగి, మళ్లీ బయలుదేరుతుంది. కర్వ్‌లు కనిపించే గ్రాఫ్ ఎడిటర్‌లో ప్రీ ఇన్ఫినిటీ, పోస్ట్ ఇన్ఫినిటీ (మొదటి కీకి ముందు, చివరి కీ తర్వాత కర్వ్ ఎలా సాగాలో చెప్పే సెట్టింగులు) రెండూ సైకిల్‌లో పెట్టి, ఇన్ఫినిటీ కనిపించేలా ఆన్ చేస్తే అతుకు దగ్గరి ఆ చదును కంటికి దొరుకుతుంది. బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఇదే పనికి కర్వ్‌లకు సైకిల్స్ మాడిఫయర్ వేయాలి. నేను ఇంకో పని కూడా చేసేదాన్ని. కీలన్నీ 12 ఫ్రేములు పక్కకు జరిపి, టైమ్‌లైన్‌ను మాత్రం అక్కడే ఉంచేదాన్ని. సైకిల్ ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఖాళీ అయిన సగం దానంతటదే నిండుతుంది, అతుకు సరిగ్గా మధ్యలోకి వస్తుంది. అప్పుడు దాన్ని మామూలు కీలాగే సరిచేసుకోవచ్చు. నన్నడిగితే మొత్తం ప్రిపరేషన్‌లో ఎక్కువ పనికొచ్చిన అలవాటు ఇదే.

నడుము విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ఒక సైకిల్‌లో నడుము పైకీ కిందికీ రెండుసార్లు కదులుతుంది, పక్కలకు మాత్రం ఒకసారే ఊగుతుంది. పైకీ కిందికీ ఉన్న కర్వ్‌లో మొదటి 12 ఫ్రేములు, తర్వాతి 12 ఒకేలా లేకపోతే క్యారెక్టర్ కుంటుతుంది. కుంటే క్యారెక్టర్ కావాలనుకుంటే తప్ప మొదటి సగాన్ని కాపీ చేసి రెండో సగంలో పెట్టేయడమే మంచిది.

పాదం జారడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గేమ్ టెస్టుల్లో అసలు పట్టుకునేది దీన్నే. క్యారెక్టర్ ఉన్నచోటే నడుస్తున్నప్పుడు నేల మీదున్న పాదం ఒకే వేగంతో వెనక్కి పోవాలి, ఆ భాగంలో కర్వ్ తిన్నని గీతలా ఉండాలి. అడుగు పొడవు 70 సెంటీమీటర్లు, అడుగుకు 12 ఫ్రేములు అనుకోండి. అర సెకనుకు 70 సెంటీమీటర్లు, అంటే సెకనుకు 1.4 మీటర్లు. మనుషులు మామూలుగా నడిచే వేగం కూడా దాదాపు అంతే. పాదం ఫ్రేముకు సుమారు 5.8 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. ఇంజిన్‌లో క్యారెక్టర్‌ను కూడా అదే 1.4తో ముందుకు నడిపించాలి. ప్రోగ్రామర్ 2 అని పెడితే మీ యానిమేషన్ ఎంత బాగున్నా మంచు మీద జారుతున్నట్టే కనిపిస్తుంది. అందుకే నా ఫైలుతో పాటు 'నడక వేగం 1.4' అని రాసి పంపాను. ఇంటర్వ్యూలో ఆ లైన్ మీద చాలాసేపు మాట్లాడారు.

రిఫరెన్స్ కోసం పొద్దున్నే కేబీఆర్ పార్కుకు వెళ్లేదాన్ని. షుగర్ వాకింగ్ చేసే పెద్దవాళ్లు, ఫోన్ మాట్లాడుతూ నడిచేవాళ్లు, పిల్లల చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాళ్లు, అన్ని రకాల నడకలూ అక్కడే దొరుకుతాయి. చూసి గుర్తుపెట్టుకోండి, వాళ్లను మాత్రం వీడియో తీయకండి. ఇంటి డాబా మీద ఫోన్ నిలబెట్టి మీరే అలా నడిచి తీసుకోండి.

మోకాలు టక్కున విరిగినట్టు కదిలితే కాలు పూర్తిగా తిన్నగా సాగిపోయిందని అర్థం. నడుమును కొంచెం దించితే సర్దుకుంటుంది. జడ, చున్నీ లాంటివి శరీరం కన్నా రెండు మూడు ఫ్రేములు వెనకగా కదలాలి. వాటి కీలు జరిపినప్పుడు లూప్ మళ్లీ తెగిందేమో చూసుకోండి. ఐడిల్‌లో ఊపిరి చాలు. తల గోక్కోవడం, వాచీ చూసుకోవడం లాంటివి పెడితే మూడో రౌండ్‌కే విసుగొస్తుంది.

రిగ్ బరువుగా ఉంటే వ్యూపోర్ట్‌లో (మనం పనిచేసే 3డి కిటికీలో) నిజమైన వేగం కనపడదు. ప్లేబ్లాస్ట్ (ఆ కిటికీలో కనిపించేదాన్నే త్వరగా వీడియోగా తీయడం) తీసి చూడండి. కొన్ని వీడియో ప్లేయర్లు లూప్ చివర ఒక క్షణం ఆగుతాయి, చూసేవాళ్లు అది మీ తప్పనుకుంటారు. సైకిల్‌ను వరసగా ఎనిమిది పదిసార్లు అతికించి ఒకే వీడియోగా పంపితే ఆ గొడవ ఉండదు. వీలైతే యూనిటీలో వేసి లూప్ టైమ్ ఆన్ చేసి చూడండి, మొదలూ చివరా కలిశాయో లేదో పచ్చ, పసుపు, ఎరుపు చుక్కలతో అదే చూపిస్తుంది. అక్కడ పాదం సన్నగా వణికితే మీ కీలను అనుమానించే ముందు యానిమేషన్ కంప్రెషన్ (యానిమేషన్ సైజు తగ్గించే సెట్టింగు) ఆఫ్ చేసి మళ్లీ ప్లే చేయండి. ఇక ఫ్రేమ్ రేట్ 24నా 30నా అన్నది టెస్టు మెయిల్‌లో లేకపోతే మొదటి కీ పెట్టకముందే అడిగేయండి. అలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.